ఫిజియోథెరపీకి ఆరు ముక్కలు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి బడిలో పిల్లలకు తెలుసు, మా అత్తగారికి తెలుసు, అందరికంటే బాగా మా వదినకు తెలుసు. ఆమెకు ఇంగ్లీషు నేర్పిన ఆ మూడు నెలల్లో ఆమె మీద అరిచినంతగా నేను ఎనిమిదో తరగతి పిల్లల మీద కూడా ఎప్పుడూ అరవలేదు. ఎనిమిదో తరగతంటే ఎలాంటి తరగతో టీచర్లందరికీ తెలుసు.

ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెబుతాను. పెళ్ళయ్యాక కాపురం బాల్కొండలో, రోజూ బస్సులో రావడం పోవడం. నాలుగున్నరకు బడి వదిలితే నా బస్సు ఐదున్నరకు. మధ్యలో దొరికే ఆ గంట అన్నావదినల ఇంట్లో చాయ్ తాగడం ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. వాళ్ళ ఇల్లు మార్కెట్ యార్డుకు రెండు గల్లీల వెనక ఉంటుంది. పసుపు సీజన్‌లో అక్కడ ఆరేసిన తెల్లబట్ట తెల్లగా ఇంట్లోకి రాదు. అన్న ఒక పసుపు గోదాంలో కాటా దగ్గర పనిచేస్తాడు. వదిన గుమ్మం పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. ఆ చాట లేకుండా ఆమె కూర్చోగా చూసిన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు.

ఒకరోజు నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి, మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుని, తల ఎత్తకుండానే అడిగింది.

"టీచరమ్మా, నాకు జర ఇంగ్లీషు జెప్తవా?"

నాకు నవ్వొచ్చింది. "ఎందుకు వదినా, అన్నను ఇంగ్లీషుల తిట్టనీకా?"

"మీ అన్నకు తెలుగు సాల్తది," అంది. "దుబాయ్ పోదామనుకుంటున్న."

గ్లాసు కింద పెట్టేశాను. బీడీ పని తగ్గిందని తెలుసు. కంపెనీవాళ్ళు నెలలో సగం రోజులు కూడా ఆకు ఇవ్వడం లేదు. కొడుకు ఇంటర్ రెండో ఏడు, వాడి చదువు ముందుంది. అన్న నడుము గల్ఫ్‌లోనే పోయింది, అతను మళ్ళీ పోలేడు. ఇదంతా నాకు తెలుసు. తెలియందేమిటంటే, ఇంట్లో ముసలివాళ్ళను, మంచాన పడ్డవాళ్ళను చూసుకునే పని నేర్పే చోటు నిజామాబాద్‌లో ఉందని, వదిన అక్కడికి రెండు నెలల పాటు పోయి నేర్చుకుని వచ్చేసిందని. నాతో మాత్రం వాళ్ళ చిన్నమ్మను దవాఖానకు తీసుకుపోతున్నానని చెప్పింది. చిన్నమ్మకేమో గుండ్రాయిలాంటి ఆరోగ్యం.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు మొత్తుకుంటవ్ గద. గిప్పుడు మొత్తుకుంటలేవా?"

పనంతా ఆమెకు వచ్చట. మనిషిని పక్కకు తిప్పడం, పక్కబట్ట మార్చడం, చెంచాతో అన్నం పెట్టడం. ఇక మిగిలింది ఫోన్‌లో వీడియో ఇంటర్వ్యూ ఒక్కటే. దుబాయ్ పంపే నిజామాబాద్ ఆఫీసువాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. జబ్బులు, మందులు, వంటింటి సామాన్లు, చుట్టరికాలు, అన్నీ ఇంగ్లీషులో. అందులోంచి అడుగుతారు, స్పష్టంగా పలకాలి, తర్వాత నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వదిన ఏడో తరగతి వరకు చదివింది. అక్షరాలు కూడబలుక్కుంటుంది.

"గీ మాటలు జూడు," అంది కాగితం నా ముందు పెట్టి. "ఒక్కోటి లారీ అంత పొడుగున్నది. యాడ బట్టి ఎక్కాల్నో తెలుస్తలేదు."

మొదటి రోజు మొదటి మాట ఫిజియోథెరపీ. పాత క్యాలెండర్ కాగితం తిప్పి దాన్ని ఆరు ముక్కలుగా రాశాను. పొడుగు మాటను ఎప్పుడూ ఒక్క గుక్కలో పట్టుకోకూడదని, నోరు ఒకసారి తెరిచినప్పుడు వచ్చేదంతా ఒక ముక్క అని, ఆ ముక్కల్లో ఒకదాని మీద బరువు వెయ్యాలని చెప్పాను. ఇక్కడ నాలుగోది, 'థె'. మిగతావి తేలిగ్గా జారిపోవాలి.

ఆమె ఆరూ పలికింది. ఆరింటినీ సమానంగా పలికింది, పంక్తిలో కూర్చున్నవాళ్ళకు గరిటెతో పప్పు వడ్డించినట్టు. తప్పు ఆమెది కాదు. మన తెలుగులో ఏ అక్షరమూ ఇంకోదాని కోసం తగ్గదు, రాసినవన్నీ పలుకుతాయి. ఇప్పుడింత తీరిగ్గా చెబుతున్నాను కానీ ఆ రోజు ఇదేమీ గుర్తులేదు.

"థె మీద వెయ్యి బరువు," అన్నాను.

వేసింది. పక్కనున్న వాటి మీద కూడా వేసింది.

"థె ఒక్కదాని మీద, వదినా. ఒక్కదాని మీద."

"ఏస్తున్న గదనే."

"ఏస్తలేవు. అన్నిట్ని గుద్దుతున్నవ్."

వారం గడిచినా అంతే. 'కంఫర్టబుల్' దగ్గర ఇంకో పేచీ. రాయడంలో నాలుగు ముక్కలు, పలకడంలో మూడే, మధ్యలో ఒకటి మింగెయ్యాలి అన్నాను. వదిన ఆ మాట మీద వేలు పెట్టింది.

"గదేం పాపం జేసిందే? రాసి కూసోవెట్టి మింగుడేంది?"

పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు లేనప్పుడు టీచర్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. గొంతు పెంచాను. వాళ్ళట్లనే అంటారు, నువ్వూ అట్లనే అను, అన్నాను. నేను అరిచినప్పుడల్లా వదిన నా కోపం చల్లారేదాకా బీడీలు చుట్టి, ఆ తర్వాత "ఇంగ జెప్పు" అంటుంది. నా చిన్నప్పటి నుంచీ ఇదే వరస.

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి నాకు ఏడేళ్ళు, ఆమెకు పంతొమ్మిది. నాన్న అప్పటికే లేడు. మరుసటి ఏడే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు అన్నీ పడిపోయాయి. అన్న గల్ఫ్‌లో ఉన్నాడు. అమ్మ ఆరేళ్ళు మంచంలో ఉంది, ఆ ఆరేళ్ళూ వదిన ఎక్కడికీ పోలేదు. అమ్మకు ఒక్క పుండు పడనివ్వలేదు. నాకు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, బడికి పంపేది. మా గల్లీలో బడి నుంచి వచ్చిన ఆడపిల్లలందరూ చాటలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు, ఎవరి వంతు బీడీలు వాళ్ళకుండేవి. నా వంతు కూడా వదినే చుట్టేది. నన్ను ఎదురుగా పుస్తకంతో కూర్చోబెట్టుకునేది. "సదువు. మనసుల గాదు, నాకు ఇనవడాలె," అనేది. అలా నా ఇంగ్లీషు పాఠాలన్నీ ఆమె చెవుల మీదుగానే పోయాయి. నేను టీచర్నయ్యాను. ఆమెకు దీని గురించి నేను ఏనాడూ ఒక్క మంచి మాట చెప్పలేదు. మా ఇళ్ళల్లో అలాంటివి చెప్పుకోరు, చెబితే ఏమైందే నీకు అని నుదురు పట్టి చూస్తారు.

మూడో వారంలో ఒకరోజు బడిలో ఆలస్యమై గబగబా వస్తున్నాను. గల్లీ మలుపులోనే వదిన గొంతు వినపడింది. ఆగాను. ఫిజియోథెరపీ అంటోంది. నాలుగో ముక్క మీద బరువు పడుతోంది, మిగతావి ఎలా జారాలో అలా జారుతున్నాయి.

లోపలికి పోయి చూస్తే ఆమె చేతులు ఆగడం లేదు. ఆకును వేళ్ళ మధ్య తిప్పుతూ, ఒక్కో తిప్పుకు ఒక్కో ముక్క పలుకుతోంది. బరువు పడాల్సిన చోటుకు రాగానే బొటనవేలితో బీడీని గట్టిగా నొక్కుతోంది. వేలు నొక్కినప్పుడు గొంతు కూడా దానంతటదే నొక్కుతోంది.

"గిట్ల గాదానే?" అంది నన్ను చూసి.

"ఎట్ల వచ్చింది నీకు?"

"ఏముందే. ఇంట్ల అందరు ఒక్కతీర్గ మొత్తుకుంటె ఎవ్వలి మాట ఇనవడది. ఒక్కలు గట్టిగ మాట్లాడుతుంటె తతిమోళ్ళు జర మెల్లగుండాలె. గంతే గద."

బీఈడీలో ఇదే సంగతిని మాకు నెల రోజులు చెప్పారు, అయినా ఇంత తేటగా అర్థం కాలేదు. ఆ పైన ఇంకోటి కూడా ఆమే పట్టుకుంది. చాటలో చుట్టిన బీడీలను మాటకొక వరుసగా పేర్చి చూపించింది. మెడికేషన్, ఇన్ఫెక్షన్, ఆపరేషన్, హైపర్‌టెన్షన్. "మొదటికెల్లి లెక్కవెడితె ఆగమైతున్నం. ఎన్కకెల్లి లెక్కవెట్టాలె. ఆఖరికి షన్ వచ్చిందంటె, దాని ముందటోన్ని నొక్కు. అయిపాయె." ఆ సూత్రం నేనే మరో వారం తర్వాత చెబుదామని దాచుకున్నాను. నా మొహం చూసి వదిన ముసిముసిగా నవ్వింది. "పంతులమ్మకు పని లేకుంటైంది," అంది.

రెస్పాన్సిబిలిటీ దగ్గర మాత్రం ఆగి, దానర్థం ఏమిటని అడిగింది.

"బాధ్యత. మన మీద పడ్డ పని."

"పడ్డదా, మనమేసుకున్నదా?"

రెండూ అన్నాను. ఆమె తలూపి, వెనక నుంచి మూడో ముక్కను నొక్కి, ఆరింటినీ సరిగ్గా చుట్టేసింది.

ఇంటర్వ్యూ ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి. ఏర్పాట్లన్నీ నావే. పిల్లాడి టేబుల్ తెచ్చి గోడ ముందు వేయించాను, వెనక శుభ్రమైన పరదా కట్టించాను. వదినకు గంజి పెట్టిన చీర కట్టి, కుర్చీలో కూర్చోబెట్టాను. చాటను వంటింట్లో పెట్టేశాను. ఇల్లంతా తంబాకు చాటలు కనిపిస్తే వాళ్ళేమనుకుంటారని నా భయం.

"చేతులు ఖాళీగుంటె ఎట్లనో ఉన్నదే," అంది.

"మోకాళ్ళ మీద పెట్టుకో. కదల్చకు. వాళ్ళు చూస్తరు."

ఫోన్‌లో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. మొదటి మాట హైపర్‌టెన్షన్. వదిన పెదాలు కదిలాయి, మాట రాలేదు. టేబుల్ కింద ఆమె వేళ్ళు చీర కుచ్చిళ్ళను పట్టి నలుపుతున్నాయి. "హై" అని ఆగింది. "పర్" అంది. ఆ పైన నోరెండిపోయింది. ఆవిడ ఇంకో మూడు మాటలు అడిగింది, మూడూ అంతే. భయపడుతున్నారు, వచ్చే ఆదివారం ఇంకోసారి చూద్దాం, అదే ఆఖరు అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను అరిచాను. మూడు నెలలు గంగలో పోశావని, ఇంట్లో పాటలా పాడిన మాట అక్కడ ఏమైందని, నోటికొచ్చినదంతా అన్నాను. అరుస్తూ అరుస్తూ ఉండగానే నాలో ఒక మూల హాయిగా ఉందని నాకు తెలిసిపోయింది. ఆమె పోదు. సాయంత్రం నేను వచ్చేటప్పటికి ఈ గుమ్మం పక్కనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆమె మీద అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. ఇంగ్లీషు రావడం లేదని కాదు నా కోపం, వచ్చేస్తోందని. ఆమెను పంపించే మాటలు ఒక్కొక్కటీ నేనే ఆమె నోట్లో పెడుతున్నాను. సిగ్గేసి నోరు మూసుకున్నాను.

వదిన ఏడవలేదు. మంచి చీర విప్పి, మడతపెట్టి, పాత చీర కట్టుకుని వచ్చింది. చాట ఒళ్ళోకి లాక్కుంది. ఆకు వేళ్ళ మధ్యకు పోయిందో లేదో, ఎవరితోనూ కాదు, తనలో తనే అంది. "హై-పర్-టెన్-షన్." మూడోది సరిగ్గా నొక్కింది.

నాకు విషయం బోధపడింది. ఆ మాటలు ఆమె నోట్లో లేవు, చేతుల్లో ఉన్నాయి. ఆ చేతుల్ని నేనే కట్టేశాను. చాట ఒళ్ళో ఉంటే చాలు, ఆమె గెలుస్తుంది. అది చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు.

నేను చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారం, బుధవారం చెప్పలేదు. వచ్చాను, చాయ్ తాగాను, మాటలు దిద్దాను, బస్సెక్కాను. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు కానీ రాయకపోతే ఈ మాటలన్నీ రాసి ఏం లాభం. ఆమెను మోసం చేశాను, మూడు రోజులు, ఆమె చేతి చాయ్ తాగుతూ.

గురువారం వదిన కాగితం నాకిచ్చింది. "నాతోని అనిపియ్యకు ఇయ్యాల. నువ్వు సదువు. మనసుల గాదు, నాకు ఇనవడాలె," అంది. నేను చదవడం మొదలుపెట్టాను. నాలుగు మాటలు చదివి, కాగితం పక్కన పెట్టి, ఆదివారం చాట ఒళ్ళో పెట్టుకో వదినా అన్నాను.

"వాళ్ళు చూడరా?"

"టేబుల్ కింద కనవడదు. ఫోన్ను పైకి పెడ్తా. నీ పని నువ్వు చేసుకో, నోటి పని అదే అయితది."

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు ఇది ఎప్పటి నుంచి తెలుసో ఆమెకు తెలిసిందేమో నాకు తెలియదు. "మంచిదే," అని ఊరుకుంది.

ఆదివారం ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టి, నేను దాని వెనక నిలబడ్డాను. గంజి చీర, పరదా అన్నీ అలాగే ఉన్నాయి, టేబుల్ కింద మాత్రం ఒళ్ళో చాట ఉంది. ఆవిడ హైపర్‌టెన్షన్ అంది. వదిన భుజాలు మెల్లగా కదిలాయి, మాట వచ్చింది. మెడికేషన్, ఎమర్జెన్సీ, రిఫ్రిజిరేటర్, ఫిజియోథెరపీ వరుసగా వచ్చాయి. కంఫర్టబుల్‌లో మింగాల్సిన దాన్ని మింగింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, వెరీ గుడ్ అంది.

తర్వాత ప్రశ్నలు. మంచాన పడ్డవాళ్ళను ఎప్పుడైనా చూసుకున్నారా అని అడిగింది.

"మై మదర్-ఇన్-లా," అంది వదిన. "సిక్స్ ఇయర్స్. ఐ డూ ఎవ్రీథింగ్."

పిల్లలెందరు అని అడిగింది.

"టూ," అంది వదిన. తడుముకోలేదు. "సన్, ఇంటర్. డాటర్, ఇంగ్లీష్ టీచర్."

ఫోన్ పెట్టేయగానే నేను ఆమె మీద పడ్డాను. దరఖాస్తు ఫారం నింపింది నేనే, పిల్లలు ఒక్కరని రాసింది నేనే. కాగితంలో ఒకటి, నోట్లో ఇంకోటి అయితే వీళ్ళు అబద్ధాలకోర్లని పక్కన పెడతారు.

"భయంల నోరు జారిందా వదినా?"

"నోరెందుకు జారుతది? మంచిగనే అన్న గద."

"సిస్టర్-ఇన్-లా అని నేర్పిన గదా. వస్తది గదా నీకు."

"వస్తది." బీడీకి దారం చుట్టి, తెంపింది. "ఆమె చుట్టాలను అడగలేదు గదనే. పిల్లలెందరని అడిగింది."

నేను వంటింట్లోకి పోయి, అక్కర్లేని గిన్నెలు రెండు కడిగాను.

సోమవారం సాయంత్రం నేను అక్కడున్నప్పుడే నా ఫోన్ మోగింది. ఫారంలో నంబరు నాదే. నిజామాబాద్ ఆఫీసు నుంచి ఆవిడే, తెలుగులోనే మాట్లాడింది. మీ వదినగారు సెలెక్ట్ అయ్యారు, కానీ ఒక చిక్కుంది, పేపర్లు పంపే ముందు సరిచూసుకోవాలి, ఫారంలో పిల్లలు ఒక్కరని ఉంది, ఆవిడ ఇద్దరని చెప్పారు, ఇందులో ఏది కరెక్ట్ అని అడిగింది.

వదిన చాట మీద నుంచి నా వైపు చూస్తోంది. భయంలో తప్పు చెప్పిందండీ అనాలి. మూడు మాటలు, అంతటితో పని అయిపోతుంది, ఆమె దుబాయ్ పోతుంది. నేను నోరు తెరిచాను. రోజుకు ఆరు పీరియడ్లు ఆగకుండా వాగే నోరు ఆ మూడు మాటలకు రాలేదు.

"ఫారంలో ఉన్నది కరెక్టే మేడం," అన్నాను చివరికి.

"అంటే ఆవిడ చెప్పింది తప్పా?"

వదిన చేతులు ఆగాయి.

"కాదు మేడం. అది కూడా కరెక్టే."

ఆవిడ అర్థం కాలేదంది. నాకు ఏడేళ్ళున్నప్పటి నుంచి మొదలుపెట్టి చెప్పాను.